సైకిలు సీటుకు గలేబు

జ్ఞానమణి టీచరుకు ఒంటిమీద గుడ్డ లేని వస్తువును చూస్తే ప్రాణం ఒప్పదు. తిరువూరులో ఆవిడ ఇంటికి మొదటిసారి వెళ్లినవాళ్లు రేడియో ఏదో, కుట్టుమిషను ఏదో పోల్చుకోలేక తికమకపడేవారు. అన్నిటికీ గలేబులే. ట్రంకుపెట్టెకు చారల గలేబు, రేడియోకు పూల గలేబు, గోడగడియారానికి కుచ్చుల గలేబు. టైము చూడాలంటే భర్త యేసుదాసు స్టూలెక్కి, కుచ్చులు పైకెత్తి చూసుకుని, సమితి ఆఫీసుకు పరుగెత్తేవాడు. గొడుగుకున్న గుడ్డ మీద మళ్లీ గుడ్డ ఎందుకని ఒకసారి అడిగాడు. లోపలి గుడ్డ పాడవకుండా, అంది ఆవిడ.

బడిగంట ఎండకు ఎండి వానకు తడుస్తోందని దానికీ ఒకటి కుట్టింది. అటెండరు రాయప్ప ఒక సాయంత్రం అది తీయడం మరిచిపోయి, గలేబు మీదే కొట్టాడు. పరుపు దులిపిన చప్పుడు తప్ప ఏమీ వినపడక ఆ పూట బడి అరగంట ఆలస్యంగా వదిలారు. హెడ్మాస్టరు దశరథరామయ్యగారు ఆవిడను పిలిచి, గంట జోలికి మాత్రం పోవద్దమ్మా అన్నారు. మిగతావాటికి అనుమతి దొరికిందనుకుంది ఆవిడ. వారం తిరగకుండా స్టాఫు రూములో గ్లోబుకు గలేబు పడింది. పిల్లలకు సముద్రాలు చూపించాలంటే ముందు నాడా విప్పాలి.

డెబ్బై నాలుగులో, వానలు వెలిశాక, ఆవిడ చూపు సైకిళ్ల మీద పడింది. పసిపిల్లలను తిప్పడానికి సైకిలు ముందు కడ్డీకి చిన్న ఇనుప సీటు బిగించుకునే రోజులవి. రాయప్ప ఎప్పుడో బిగించి వాడకుండా వదిలేసిన సీటును ఊడదీయించి తెచ్చి, ఇనుము తుప్పు పడుతుందని చెప్పి, టేపు పెట్టి కొలిచింది. అంతటితో ఊరుకోక, రాయప్ప కూతురు ఏడాదిన్నర మేరమ్మను కూడా కొలిచి వచ్చింది.

పాత పరుపుగుడ్డ, పెనుగొలను నుంచి తెప్పించిన పత్తి ముందేసుకుని కూర్చుంది. వీపుకు దిండు, రెండు పక్కలా మెత్తలు, నడుముకు నాడా. మొదట కాళ్లకు రెండు కంతలు పెట్టి కుట్టింది. పాపను కూర్చోబెట్టి చూసివచ్చి, ఏమీ చెప్పకుండా కుట్లన్నీ విప్పేసింది. రెండోసారి కంతలు లేవు. నడుము దగ్గర నుంచి పాదాల కిందిదాకా సంచిలా దిగే కుచ్చుల తెర ఉంది. అంచు చక్రంలో పడకుండా అడుగున మడిచి, బొత్తాలతో కడ్డీకి బిగించింది. ఎడమ మెత్త కుడిదానికి రెండింతలుంది. అదేమిటని యేసుదాసు అడిగితే సీటే వంకరగా ఉందంది.

అక్కడితో ఆగితే ఆవిడ జ్ఞానమణి ఎందుకవుతుంది? పక్కింటి జగన్నాథరావుగారు మనవణ్ణి తిప్పే సీటుకూ, వీధి చివర ఇంకొకరి సీటుకూ అచ్చం అలాంటివే కుట్టింది. పిచ్చి ముదిరిందనుకున్నాడు యేసుదాసు.

ఒక గురువారం ఆయన బస్టాండు దగ్గర టీ తాగుతుంటే రాయప్ప పాపతో సైకిలు మీద వస్తూ కనిపించాడు. టీకొట్టు దగ్గరివాళ్లు ఆపారు. టీచరమ్మ నీ కూతురికి కూడా గలేబు తొడిగిందా అని ఒకడన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. రాయప్ప కూడా నవ్వి ముందుకు సాగాడు. యేసుదాసుకు తల కొట్టేసినట్లయింది. వెనకాలే వెళ్లి, మా ఆవిడ సంగతి నీకు తెలిసిందేగా, ఇబ్బందిగా ఉంటే తీసి పారెయ్యమన్నాడు.

రాయప్ప సైకిలు దిగాడు. "అట్లా అనకండి సార్. జొరమొచ్చి పాప ఎడంకాలు సన్నబడిపోయింది. బజార్లోకి తెస్తే ప్రతివాళ్లూ సైకిలాపి, ఆ కాలు పట్టుకు చూసి, అయ్యో అనేవాళ్లు. వాళ్లమ్మ తట్టుకోలేక గురువారం గురువారం ఆస్పత్రికి తేవడమే మాన్పించేసింది. నాలుగు నెల్లయింది పాప గడప దాటి. ఇప్పుడు అందరూ గలేబు చూసి నవ్వుతున్నారు. మా పాపా నవ్వుతోంది."

యేసుదాసు వంగి చూశాడు. పాప ఎడమపక్కకు ఒరిగి, ఆ లావు మెత్త మీద హాయిగా ఆనుకుని ఉంది.

ఇంటికి వచ్చి, ఊరంతా నిన్ను చూసి నవ్వుతోంది మణీ అన్నాడు. ఆవిడ మిషను ఆపలేదు.

"నన్ను చూసి నవ్వడం వాళ్లకు అలవాటేగా. ఇంకొంచెం నవ్వితే నాకేం తరుగుతుందండీ?"

"మరి జగన్నాథరావుగారి మనవడికెందుకు?"

"ఒక్కదానికే కుడితే ఎందుకా అని తొంగి చూస్తారు. మూడిటికి కుడితే నాకు పిచ్చనుకుంటారు."

ఆయన సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాడు.

గురువారాలు గడిచాయి. డాక్టరు చెప్పినట్లు రాయప్ప భార్య అంతోనమ్మ రోజూ పాప కాలికి నూనె రాసి కసరత్తు చేయించింది. మామిడికాయలు దిగే రోజుల్లో, కాలికి కడ్డీల బూటు వేయించుకుని వచ్చాక, ఒక ఉదయం ఆవిడే సైకిలు నడిపించుకుంటూ టీచరు గుమ్మంలోకి వచ్చింది. సీట్లో పాప అసహనంగా మెసులుతోంది.

"కాళ్లాడిస్తోంది టీచరమ్మగారూ. ఈ తెర అడ్డమొస్తోంది. తీసెయ్యండి."

"అందరూ చూస్తారేమో, అంతోనమ్మా."

"చూడనివ్వండి."

జ్ఞానమణి కత్తెర తెచ్చి ఒక్కొక్క కుట్టే తెంపింది. తాను కుట్టినదాన్ని అంత సంబరంగా విప్పడం యేసుదాసు ఎన్నడూ చూడలేదు. ఒకటి లావుది, ఒకటి సన్నది, రెండు కాళ్లూ బయటపడి గాలిలో ఊగాయి. బూటు తగిలి సైకిలు కడ్డీ టింగుమంది. పాపకు ఆ చప్పుడు నచ్చి మళ్లీ తన్నింది.

కత్తెర చూసి ప్రహరీ అవతల నుంచి జగన్నాథరావుగారు గాభరాగా వచ్చారు.

"మా వాడిది మాత్రం ముట్టుకోకండమ్మా. ఆ కుచ్చులు లేకపోతే సైకిలెక్కనని ఏడుస్తాడు. మాసినప్పుడు మార్చడానికి ఇంకొకటి కుట్టిపెట్టండి."