పెద్దల బీరువాలో బొమ్మల నవల

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. చిటికెడు కారం నా నోట పడితే బస్తా అవుతుంది. మా ఇంట్లోవాళ్ళు నేను చెప్పేదాన్ని నాలుగుతో భాగించి వింటారు. మీరూ అలాగే చదవండి. ఇందులో నేను కల్పించిందేదో చివర్లో నేనే చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో విజయవాడ పుస్తకాల పండగలో ఒక బొమ్మల నవల కొన్నాను. దర్శి బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే ఆ బరువుకి బస్సు ఎడమవైపు ఒరిగింది. కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టబోయాడు. అందులో కథ ఒక ముసలాయనది. భార్య ఆసుపత్రిలో పోతుంది, ఆయన ఒక్కడే ఇంటికొస్తాడు. పరాయి దేశపు కథ, ఎవరో తెలుగులో పెట్టారు. చదివి రెండు రోజులు అన్నం మానేశాను. నాలుగుతో భాగిస్తే ఒక పూట.

పదిమందీ చదవాలని మా ఊరి గ్రంథాలయానికి ఇచ్చేశాను. వారం తర్వాత వెళ్ళి చూస్తే చిన్నపిల్లల బీరువాలో, కుందేళ్ళకీ తాబేళ్ళకీ మధ్య ఇరుక్కుని ఉంది.

గ్రంథాలయం చూసుకునేది నాకు వరసకు బావ.

"బావా, ఇది పెద్దల నవల," అన్నాను.

"బొమ్మలున్నాయిగా."

"నవలే బొమ్మల్లో ఉంది."

"అయితే చదవడం రానివాళ్ళకి వేసుంటారు. నీకు అంత నచ్చిందంటే ఎందుకో అనుకున్నా, ఇందుకన్నమాట."

మూడు నెలలు ఇదే గొడవ. నేను వెళ్ళినప్పుడల్లా దాన్ని పెద్దల బీరువాలోకి మార్చడం, మర్నాటికి బావ వెనక్కి మార్చడం. పదో తరగతి వాళ్ళ నుంచి పెద్దవాళ్ళదాకా చదవాల్సిన పుస్తకం అది. కానీ మీసం వస్తున్నవాడెవడూ కుందేళ్ళ బీరువా దగ్గర నిలబడడు, పరువు పోతుంది. పెద్దవాళ్ళు అసలు అటే రారు. ఎవరికోసం గీశారో వాళ్ళకి తప్ప అందరికీ అందుబాటులో ఉంది. ఒకటో తరగతి పిల్ల ఒకతె ముసలాయనకి రంగు పెన్సిలుతో మీసాలు కూడా దిద్దింది.

పోనీ మా ఊరివాళ్ళకి చూడటం రాదా అంటే, అదీ కాదు. కల్లంలో ఎండుమిరపకాయ విరిచి, ఎన్ని తడులు పెట్టారో, ఏ మంచుకి తడిసిందో చెబుతారు. మిర్చి యార్డులో కొనేవాడి కనుబొమ చూసి రేటు చెబుతారు. బొమ్మ చూసి కథ చెప్పమంటే మాత్రం, అది పిల్లలదంటారు.

చివరికి బావే దిగొచ్చాడు. మా ఊళ్ళో పేపరు చదివేవాళ్ళు తక్కువ, వినేవాళ్ళు ఎక్కువ. సాయంత్రం కల్లాల నుంచి వచ్చి గ్రంథాలయం అరుగు మీద కూర్చుంటే, బావ పైకి చదివి వినిపిస్తాడు.

"రేపు పేపరు బదులు నీ పుస్తకం చదువుతా. ఒక్క పెద్దమనిషి లేవకుండా కూర్చున్నా బీరువా మారుస్తా," అన్నాడు.

మర్నాడు బావ గొంతు సవరించుకున్నాడు. బొమ్మ ఒక్కటీ ఎవరికీ చూపించలేదు. పాత్రల నోటి దగ్గర బుడగల్లో ఉన్న అక్షరాలే వరసగా చదివాడు. "వచ్చారా. వచ్చాను. మందులు. తెచ్చాను. ఊఁ." పది నిమిషాల్లో వంద పేజీలు అయిపోయాయి.

"ఇదేం నవలరా, ఎవరో ఫోన్లో మాట్లాడుకుంటున్నట్టుంది," అంటూ ఒకాయన లేచాడు. వెనకే ఇంకో ఇద్దరు.

అప్పుడొచ్చింది అసలు చోటు. పదహారు పేజీలు, ఒక్క అక్షరం ఉండదు. బావ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, పుస్తకం వెనక్కి తిరగేసి చూశాడు.

"ఇక్కడ అచ్చు పడలేదు," అన్నాడు. "పదహారు పేజీలకి మాటలు వెయ్యడం మర్చిపోయారు. నిన్ను మోసం చేశారు, తీసుకెళ్ళి వాళ్ళ మొహాన కొట్టు."

నా ఒళ్ళు ఎంత మండిందంటే, ఆ ఘాటుకి గుంటూరు యార్డు మొత్తం ఒక్కసారి తుమ్మింది.

బావ పేజీ తిప్పబోతుంటే పక్కన కూర్చున్న మా పెదనాన్న దాని మీద చెయ్యి పెట్టాడు. పెద్దమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు.

"తిప్పమాక. రెండు కంచాలు పెట్టాడు చూడు. ఇదిగో, ఒకటి తీసి గూట్లో పెట్టేశాడు. మళ్ళీ తీసి కడుగుతున్నాడు. ఎవరూ తినకపోయినా కడుగుతాడురా, దుమ్ము పడుతుందిగా," అన్నాడు.

లేచినవాళ్ళు వెనక్కొచ్చి ఆయన భుజాల మీదుగా వంగారు. చీకటిపడి బొమ్మలు కనపడనిదాకా ఎవరూ ఇంటికి వెళ్ళలేదు.

బావ మాట నిలబెట్టుకున్నాడు. రెండు రోజుల తర్వాత వెళ్తే పుస్తకం పెద్దల బీరువాలో, లావుపాటి నవలల మధ్య నిటారుగా నిలబడి ఉంది. నా గుండె ఉప్పొంగి చొక్కా గుండీ ఒకటి తెగింది. ఆనందంగా తీసి తెరిచాను.

పదహారు పేజీల నిండా నీలం బాల్ పెన్ను. బావ గుండ్రటి దస్తూరీ. ఒక్కో బొమ్మ కింద ఒక్కో వాక్యం: 'ఇతను ఇంటికి వచ్చుచున్నాడు.' 'రెండు కంచములు పెట్టుచున్నాడు.' 'విచారముగా ఉన్నాడు.'

"ఏంటి బావా ఇది?"

"తర్వాత చదివేవాడు కూడా అచ్చు పడలేదనుకుంటాడుగా. రెండు రోజులు కూర్చుని దిద్దా. ఇప్పుడది నవల. థాంక్స్ చెప్పవేం?"

రబ్బరు పెట్టి రుద్దాను. సిరా పోలేదు, మొదటి కంచం చిరిగింది.

ఇక నా లెక్క ఒప్పజెప్పాలి. బస్సు ఒరగలేదు, యార్డు తుమ్మలేదు, గుండీ తెగలేదు. అవి పెంచినవి, మీకూ తెలుసు. కల్పించింది ఒక్కటే, పెదనాన్న మాటలు. ఆ సాయంత్రం ఆయన ఒక్క మాట అనలేదు. బావ పేజీ తిప్పకుండా చెయ్యి అలాగే అదిమిపట్టి, ఆ రెండు కంచాలనీ చూస్తూ కూర్చున్నాడు, అంతే. అది ఉన్నదున్నట్టు రాస్తే మీకు అర్థం కాదేమోనని నేనే ఆయన నోట్లో మాటలు పెట్టాను.

నా పెన్ను కూడా నీలందే.