బాపు కోర పన్ను తీసిన డాక్టర్ సాబ్

మొన్న శుక్రవారం పొద్దున కేతేపల్లిలో పత్తి కొనే కేంద్రం ముందు రైతులతో మాట్లాడుతుండగా ఫోన్ మోగింది. నల్గొండ నుంచి మా పేపరు ఆఫీసు మిత్రుడు. "అన్నా, పండ్ల డాక్టర్ సాబ్ పోయిండు. తెల్లారగట్ల నిద్రలనే పోయిండంట" అన్నాడు. ట్రాక్టర్ల మీద నుంచి లేచిన పత్తి పింజలు గాలిలో తేలుతున్నాయి. ఒకటి వచ్చి నా నోట్‌బుక్ మీద వాలింది. దాన్ని ఊదెయ్యకుండా కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. నేను నల్గొండ చేరేసరికి మధ్యాహ్నం నమాజు అయిపోయింది, మట్టి కూడా ఇచ్చేశారు.

సాయంత్రం మర్రిగూడ దగ్గరి మా ఊళ్లో ఉన్న మా నాన్నకు, బాపుకు, ఫోన్ చేసి చెప్పాను. అవతల గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి. "మంచిగ పీకిండురా" అన్నాడు. బాపు ఒక మనిషి గురించి ఇంత పెద్ద మాట అనడం నేను అంతకుముందు వినలేదు.

డాక్టర్ సాబ్ దవాఖాన ఒక సందులో, మెట్లెక్కి పోయే రెండు గదులు. లోపలి గదిలో కుర్చీ, బయటి గదిలో పొడుగాటి బెంచీ. పన్ను తీయించుకున్న వాళ్లంతా దూది కరిచిపట్టుకుని అరగంట ఆ బెంచీ మీదే కూర్చోవాలి. మాట్లాడకూడదు, ఉమ్మకూడదు. కూరగాయలమ్మే ఆమె, ఆటో నడిపేవాడు, కాలేజీ పిల్ల, రిటైరైన మాస్టారు ఒకే వరుసలో, బుగ్గలు ఉబ్బించుకుని, ఎదుటి గోడను చూస్తూ ఉండేవారు. పైన ఫ్యాను మెల్లగా తిరిగేది. కింద సందులో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఎక్కడో దూరపు ఊరి నుంచి వస్తున్నట్టు వినబడేది. నల్గొండలో అంత మాటల్లేని చోటు నేను ఇంకొకటి చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గది సగం నిద్రలో చూసినట్టుగా గుర్తొస్తుంది.

మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇంటింటికీ మంచినీళ్ల నల్లా రాకముందు పెరిగిన మా అందరి పళ్ల మీద గోధుమరంగు చారలు ఉంటాయి. నోరు తెరిస్తే చాలు, "మర్రిగూడ దిక్కా?" అని అడిగేవారు ఆయన. ఒకసారి నేనుండగానే ఒక అమ్మాయి వచ్చింది. నల్గొండలో బట్టల షాపులో కొత్తగా పనికి కుదిరిందట. ముందరి నాలుగు పళ్లూ పీకేసి తెల్లవి పెట్టమని పట్టుబట్టింది. "మరక పడ్డ పన్ను చెడ్డ పన్ను కాదు బిడ్డా. గట్టిగున్నదాన్ని నేను పీకను. పైనుంచి పూత ఏద్దాం, కూసో" అన్నారు. ఆమె కోపంగా మెట్లు దిగి వెళ్లిపోయి, మళ్లీ మెట్లెక్కి వచ్చి కూర్చుంది.

ఆయనతో నా మొదటి పరిచయం మంచి పరిచయం కాదు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది నేను నాలుగు పేరాల వార్త ఒకటి రాశాను. పక్క మండలంలో ఒకామె పై పన్ను పీకించుకున్నాక చూపు పోయిందని ఆమె కూతుళ్లు చెప్పారు. పై పన్నుకూ కంటికీ ఒకటే నరం అని మా దగ్గర చాలామంది నమ్ముతారు. శీర్షిక కూడా అలాగే పడింది. అప్పటికి నేను కొత్తవాణ్ణి కాదు, పదేళ్లుగా రాస్తున్నాను. డాక్టర్ పేరు రాయలేదు కదా అనుకున్నాను.

రెండు రోజులకు ఆ డాక్టరే స్కూటర్ మీద మా ఆఫీసుకు వచ్చారు. అరవలేదు. "తమ్మీ, ఆ అమ్మకు రెండు కండ్లల్ల శుక్లాలున్నయి. పన్ను తీయకముందే చూసిన. కండ్ల దవాఖానకు పొమ్మని చీటీ గూడ రాసిచ్చిన. వాళ్లు పోలే. ఒక్క ఫోన్ చేసి అడిగితే నీదేం పోతుండె?" అన్నారు. డెస్కుకు చెప్పి సవరణ వేయిస్తానన్నాను. వేయించలేదు. మరిచిపోయానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు, సిగ్గుపడ్డాను.

తరవాత కొన్నేళ్లకు ఒక ఎండాకాలం బాపుకు పై కోర పన్ను వాచింది. ఊళ్లో మందులిచ్చే అతని దగ్గర ఐదు రోజులు గోలీలు మింగాడు. వాపు బుగ్గ నుంచి పైకి పాకి కన్ను మూసుకుపోయింది. జ్వరం మొదలైంది. నేను వెళ్లి బలవంతంగా బండెక్కించుకుని నల్గొండ తెచ్చాను. బాపును ముందు పెట్టుకుని డాక్టర్ సాబ్ దవాఖాన మెట్లు ఎక్కాను. ఆయన నన్ను గుర్తుపట్టారు. పట్టినట్టు కనపడనీయలేదు.

"కాకా, పొద్దున ఏం తిన్నవు?"

"ఏం తినలే సారూ. పండ్ల డాక్టరు కాడికి తినిపోవద్దంటరు కద."

"ఖాళీ కడుపుతోని కూసుంటే నా సూది కన్నా ముందు నువ్వు పడిపోతవు. గోలీలేమన్న ఏసుకుంటున్నవా?"

"బీపీది. గుండెకొకటి, నెత్తురు పలచనైతదట. నాలుగొద్దుల సంది బంద్ పెట్టిన. వాపు పగిలితే నెత్తురు ఆగదంటరు కద."

"ఎవరన్నరు?"

"ఊర్ల అందరు."

"మీ ఊర్ల అందరు డాక్టర్లేనా? గుండె గోలీ నీ అంతట నువ్వు ఎన్నడు ఆపకు. ఆపాల్నో వద్దో ఆ డాక్టరూ నేనూ మాట్లాడుకుంటం." అక్కడికక్కడే ఆ గుండె డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడారు. నన్ను కిందికి పంపి ఇడ్లీ తెప్పించి తినిపించారు. అప్పుడు చెప్పారు: గోలీలతో ఇది ఆగదు, చీముకు మూలం ఆ పన్ను వేరు. దాన్ని ఇవాళే తీయాలి. ఆలస్యమైతే చీము కంటి వెనక్కి, తలలోకి పాకవచ్చు. అప్పుడు హైదరాబాద్ తీసుకుపోయినా మాట ఇవ్వలేం.

బాపు కుర్చీలోంచి లేచాడు. "పై పన్ను నేను పీకనియ్య. ఇప్పటికే కన్ను మూసుకపోయె. పీకితే ఉన్నది గూడ పోతది."

"కన్ను మూసుకపోయింది పన్ను లోపల ఉండబట్టి కాకా. ఇంక పీకనే లేదు గద!"

బాపు దగ్గర ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. పింఛను కాగితాలు, ఆధార్ జిరాక్సు అందులో పెట్టుకుని ఎక్కడికి పోయినా వెంట తెస్తాడు. అందులోంచి మడత పెట్టిన పేపరు ముక్క తీశాడు. తీస్తుంటేనే నాకు తెలిసిపోయింది. కింద నా పేరు ఉందని దాచుకున్నాడు.

"మరి గిదేంది? మా పోరడు రాసిందే. వాడు అబద్ధం రాస్తడా?"

డాక్టర్ సాబ్ కళ్లద్దాలు పెట్టుకుని నాలుగు పేరాలూ చదివారు. పాత మడతల మీదే మళ్లీ మడిచి బాపు చేతికిచ్చారు. "అబద్ధం రాయలే కాకా. ఆ అమ్మకు చూపు తగ్గింది నిజమే. పన్ను తీసింది నిజమే. రెండిట్ల నడుమ ఏమున్నదో రాయనీకి పేపర్ల జాగా సాలకపోవచ్చు."

నన్ను కాపాడటానికి ఆయన వెతికిన మాట అది. ఇన్నేళ్లలో నా గురించి ఎవరూ ఇంత మర్యాదగా మాట్లాడలేదు. ఇంత సిగ్గూ నాకు ఎప్పుడూ కలగలేదు. బాపు కన్ను ఉబ్బి నున్నగా మెరుస్తోంది. ఊరుకుంటే మళ్లీ బండెక్కి ఊరికి వెళ్లిపోతాడు.

"జాగా ఉండె బాపూ. నేనే అడగలె. ఆమెకు ముందుగాలనే శుక్లాలున్నయట. సారు నా దగ్గరికొచ్చి చెప్పిండు గూడ. నేను మల్ల రాయలె" అన్నాను.

బాపు తెరిచి ఉన్న ఒక్క కంటితో నన్ను చూశాడు. "గంతేనా?"

"గంతే."

"మరి నేను గీ కాయితం పట్టుకొని ఊరంత చెప్తి గదరా. మన ఊరి సాయన్న పండ్ల నొప్పితోని ఏడాది తిరిగిండు. నేనే వద్దంటి."

బాపు ఆ ముక్కను కవర్లో పెట్టుకోలేదు. నా చేతిలో పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, "పీకు సారూ" అన్నాడు.

తరవాతదంతా నెమ్మదిగా, నీళ్ల కింద జరిగినట్టుగా గుర్తుంది. "సూది గుచ్చినప్పుడు జర చురుక్కుమంటది. తర్వాత నొక్కినట్టు, ఊపినట్టు అనిపిస్తది, నొప్పి ఉండదు. నొప్పైతే ఎడమ చెయ్యి లేపు, ఆపుత" అన్నారు. బాపు చెయ్యి ఒక్కసారి లేచింది. ఆయన ఆగి, మళ్లీ మందిచ్చి, మత్తు పట్టేదాకా కూర్చున్నారు. ఆ కాసేపు బాపుతో గొర్రెల గురించి మాట్లాడారు. పన్ను వచ్చింది.

పక్కనున్న తొట్టిలో ఉమ్మబోయాడు బాపు. చెడు నెత్తురంతా పోయేదాకా పుక్కిలించి ఉమ్మాలని మా ఇళ్లలో అంటారు. డాక్టర్ సాబ్ బాపు గడ్డం పట్టుకుని ఆపారు. "చీము నేను తీసిన. ఇగ ఆడ గడ్డ కట్టే నెత్తురే నీకు మందు. దాన్ని ఉమ్మేస్తే లోపల దవడ ఎముక తేలుతది, నాలుగొద్దులకు పాణం తీసే నొప్పొస్తది. ఉమ్మి మింగు." మూడు రోజులు బీడీ, కల్లు వద్దన్నారు. దూది కరిచిన నోటితోనే బాపు గొణిగాడు, బీడీ లేకుండా గొర్రెల వెంట ఎలా తిరగాలని. "గొర్లు బీడీ అడగవు గద కాకా" అన్నారు.

జాగ్రత్తలు రోగికి చెప్పి ఊరుకోవడం ఆయన పద్ధతి కాదు. వెంట వచ్చినవాళ్లు అప్పజెప్పాలి, తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి. బెంచీ మీద బాపు పక్కన నిలబడి నేను అప్పజెప్పాను. ఇవాళ పుక్కిలించొద్దు. రేపటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు గట్టిగా...

"గట్టిగనా?"

"మెల్లగా. నోట్లో ఉంచుకుని వదిలెయ్యాలి. ఇవాళ వేడివేడిగా తినొద్దు, చల్లారిన జావ, మెత్తటి అన్నం. మత్తు దిగేదాకా పెదవి కొరుక్కోకుండా చూసుకోవాలి. స్ట్రా పెట్టి తాగొద్దు. రాసిచ్చిన గోలీలు మధ్యలో ఆపొద్దు. నెత్తురు ఆగకపోయినా, జ్వరం, వాపు పెరిగినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా రాత్రీ పగలూ చూడకుండా రావాలి."

"మూడో నాడు నొప్పి తగ్గాలె గాని పెరగొద్దు. పెరిగితే?"

"రావాలి."

బెంచీ మీదున్న కూరగాయలామె దూది కరిచిపట్టుకునే నవ్వింది. పరీక్ష పాసయ్యానని చెయ్యి ఊపింది.

ఆ వారమే సవరణ రాశాను, ఆరేడేళ్లు ఆలస్యంగా. దాని కింద ఈ జాగ్రత్తలన్నీ రాశాను. పేరు వేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "నా పేరు తోని ఎవరి పన్ను మానుతది తమ్మీ? పన్ను గురించి రాయి" అన్నారు. ఇప్పుడూ అందుకే రాయడం లేదు. ఆ పేపరు పట్టుకుని బాపు ఊళ్లో ఇంటింటికీ తిరిగాడు. సాయన్నను తానే బండెక్కించి పంపాడు.

పన్ను తీసిన నాలుగో రోజు చూపించుకోవడానికి వెళ్లాం. వాపు దిగింది, కన్ను పూర్తిగా తెరుచుకుంది. నోరు తెరవమని డాక్టర్ సాబ్ వంగారు. బాపు తెరవలేదు. రెండు కళ్లతో ఆయన ముఖంలోకే చూస్తున్నాడు.

"సారూ, నీ ఎడమ కనుబొమ్మల ఒక్కటే తెల్ల ఎంటిక ఉన్నది."

"లేదు కాకా."

"ఉన్నది. చివర్ల."

పళ్లు చూసే చిన్న గుండ్రటి అద్దం తీసుకుని ఆయన కిటికీ దగ్గరికి వెళ్లారు. దాన్ని తన ముఖం వైపు తిప్పుకుని, కనుబొమ్మ వెంట మెల్లగా జరుపుతూ వెతుక్కోసాగారు. అద్దం కదిలినప్పుడల్లా రూపాయి బిళ్లంత వెలుగు గది కప్పు మీద అటూ ఇటూ తిరిగింది. బాపు కుర్చీలో వెనక్కి వాలి, ఇప్పుడు నోరు తెరిచి, ఆ వెలుగు ఎటు పోతే అటు చూస్తూ ఉన్నాడు.