నత్తల కాపురంలో నా పెత్తనం

మీరు నమ్మరు గానీ, సుల్తానాబాద్ పక్కన ఒక బొప్పాయి తోట మొత్తాన్ని నేనొక్కడినే, కత్తి పట్టకుండా, నిప్పు పెట్టకుండా నాశనం చేశాను. నవ్వితే నవ్వండి, మా ఇంటావిడ ముందు మాత్రం ఆ మాటెత్తకండి. తోట ఆమె తమ్ముడిది.

తమ్ముడంటే మల్లేశం. మస్కట్‌లో ఏళ్ళ తరబడి డ్రైవరుగా చేసి, ఇక ఇక్కడే బతుకుతానని వచ్చి బొప్పాయి పెట్టాడు. తోట నిలిస్తే ఊళ్ళో ఉంటాడు, పోతే మళ్ళీ విమానమెక్కుతాడు. వానలు మొదలవగానే పిడికెడంతేసి నత్తలు దిగి చిగుళ్ళన్నీ మేయసాగాయి. పాపం, అతను ఏరి ఏరి ఉప్పునీళ్ళలో వేస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు నేను వెళ్ళాను. నాకప్పటికి అరవై దాటాయంతే, కుర్రతనం. పైగా ధర్మపురి నుంచి మంచిర్యాల దాకా పెళ్ళి సంబంధాలు కుదిర్చిన చెయ్యి.

"చంపుడెందుకురా? ఆడయి, మగయి వేరు జేస్తే వంశమే ఆగిపోతది" అన్నాను.

"మగది ఏదో ఎట్ల ఎరుకైతది బావా?"

"ఎన్ని పెండ్లిచూపులు జూసిన నేను. నడక జూసి చెప్త."

నడక చూశాను. అన్నీ అత్తారింట్లో అడుగుపెట్టే కొత్తల్లుడిలా ఒకే తీరుగా, నింపాదిగా నడిచాయి. నాకేమీ అర్థం కాలేదు. కాలేదంటే పరువు పోతుంది కనుక, పెద్దవి ఆడవి, చిన్నవి మగవి అని తీర్పు చెప్పేశాను. రెండు సిమెంటు తొట్లలో మట్టిపోసి, ఆకులేసి, ఆడపెళ్ళివారిని ఒకదాంట్లో, మగపెళ్ళివారిని ఇంకోదాంట్లో విడిది దించి, పైన వల కప్పాను.

కొన్నాళ్ళకు ఆడ తొట్టిలో గుడ్లు కనిపించాయి. కడుపుతో వచ్చాయేమోలే అనుకున్నాను. ఆ వెంటనే మగ తొట్టిలోనూ గుడ్లు. మల్లేశం నావైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. అనుమానమున్న వాటిని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మార్చాను. చివరికి ఎవరు ఏ వైపు చుట్టాలో నాకే తెలియకుండా పోయింది. ఈలోగా మినపగింజల్లాంటి పిల్లలు వల కళ్ళలోంచి దూరి తోట మీద పడ్డాయి.

మల్లేశం వ్యవసాయాధికారిణిని పిలుచుకొచ్చాడు. మా మనవరాలి వయసుంటుంది. జతకట్టి ఉన్న రెండు నత్తలను చూపించి, "వీట్ల పెండ్లికొడుకు ఎవలు బిడ్డా?" అనడిగాను.

"రెండూ, తాతా."

"మరి పెండ్లిపిల్ల?"

"అవ్వే రెండు. ఒక్క ఒంట్లనే ఆడతనం, మగతనం ఉంటయి. బీజం ఒకదానికొకటి ఇచ్చుకుంటయి, దాన్ని నెలలకొద్ది దాసుకుంటయి. నువ్వు వేరు జేస్తే ఫాయిదా ఏమున్నది?"

ఇంకోమాట కూడా చెప్పింది. ఒళ్ళు పెద్దదయితే గుడ్లెక్కువ కాబట్టి, జోడీకి పెద్దవాటినే ఎంచుకుంటాయట. అంటే మంచి సంబంధాలన్నీ ఏరి ఒకే తొట్టిలో వేసి, వెతుక్కునే శ్రమ కూడా వాటికి నేనే తప్పించానన్నమాట.

"మరి ఎవలింటికి ఎవలు కాపురం పోతరు?" అన్నాను, ఇంకా తేరుకోక.

"ఎవలిల్లు వాళ్ళ వీపు మీదనే ఉన్నది గదా తాతా."

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధమాడి వెయ్యి పెళ్ళిళ్ళు చేశాను.

తోట మొత్తం అన్నాను కదా, అది కాస్త పెంచి చెప్పాను. నిజానికి పోయింది గట్టువైపు నాలుగు సాళ్ళే. మిగతాది దక్కించుకోవడానికి సాయంత్రం పూట ఉప్పునీళ్ళ బకెట్టు పట్టుకుని, నడుం పడిపోయేలా నేనే ఏరాను. అయినా మా ఇంటావిడ నాతో మాట్లాడలేదు. తమ్ముడు మళ్ళీ దేశం విడిచి పోతాడేమోనని ఆమె బెంగ. ఆ బెంగ నాకూ పట్టుకుని, ఒకరోజు ఆమె ఎదుటే అడిగేశాను, మస్కట్ పోతున్నావా అని.

"ఎట్ల పోత బావా?" అన్నాడు మల్లేశం. "నేను పోతే తోట నీ చేతుల పడ్తది."

చూశారా, ఒక మనిషిని ఊళ్ళో నిలబెట్టిన పుణ్యం నాది. అయినా గోదావరి సాక్షిగా ఒట్టేస్తున్నాను: గుల్లలోంచి తల బయటపెట్టి వాళ్ళంతట వాళ్ళే పిలిచినా సరే, నత్తల సంబంధం మాత్రం ఈ జన్మలో చూడను.