మేం మూయించిన జెట్టీ

1998లో విశాఖపట్నంలో, సముద్రపు కట్టడాలను పరీక్షించే ఇంజినీరుగా పనిచేసేవాణ్ణి. ఎలమంచిలి వైపు తీరాన ఓ మత్స్యకారుల పల్లెలో పడవలు ఆగే కాంక్రీటు జెట్టీ పెచ్చులూడుతోందని కబురొస్తే వెళ్లాను. అప్పటికి పదేళ్ల కిందట ప్రభుత్వం సిమెంటు, ఇనుము ఇస్తే ఊరివాళ్లే శ్రమదానంతో కట్టుకున్న జెట్టీ అది. దగ్గరుండి కట్టించిన పెద్దాయన సింహాచలం నన్ను పడవలో దాని కిందికి తీసుకెళ్లాడు.

కెరటానికి తడుస్తూ, ఎండకు ఆరుతూ ఉండే భాగాన్ని మేం స్ప్లాష్ జోన్ అంటాం. ముందు చెడేది అక్కడే. ఉప్పు లోపలి ఊచల్ని చేరితే అవి తుప్పుపట్టి ఉబ్బుతాయి, ఉబ్బి కాంక్రీటును పగలగొడతాయి. సుత్తితో కొడుతుంటే స్తంభాలు డొల్లగా మోగాయి. ఒకచోట ఊచ నా వేళ్ల మధ్యే పొడైపోయింది.

"పైన సిమెంటు పూసీసుకుంటే ఆగదా బాబూ?" అన్నాడు సింహాచలం.

ఆగదన్నాను. ఉప్పు లోపలే ఉండిపోతుంది, పూత పక్కనున్న ఊచ ఇంకా తొందరగా తుప్పుపడుతుంది. జెట్టీ లేని రోజుల్లో ఆడవాళ్లు నడుంలోతు నీళ్లలో దిగి చేపల గంపలు మోసేవారని, తన వదిన అలాగే కెరటంలో కొట్టుకుపోయిందని ఆయన చెప్పాడు. అది విని కూడా, వెంటనే మూసెయ్యాలని, కొత్తది కట్టాలని రిపోర్టు రాశాను. మరో దారి లేదు.

మూయడం వెంటనే జరిగింది. కొత్తది కట్టమని నేను తిరగని ఆఫీసు లేదు. కట్టలేదు.

కొన్నేళ్లకు మళ్లీ అటు వెళ్లాను. జెట్టీ తుపానుకు కూలిపోయింది, ఆ సమయానికి కింద ఎవరూ లేరు. ఆడవాళ్లు గంపలెత్తుకుని కెరటాల్లో నడుస్తున్నారు. వాళ్లలో సింహాచలం కోడలు కూడా ఉంది. ఆయన నన్ను నిష్ఠూరమాడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, అంత శ్రద్ధగా కట్టుకున్నది ఎందుకు పాడైందని అడిగాడు. కాంక్రీటు ఏ నీళ్లతో కలిపారన్నాను.

"సముద్రం నీలే. మంచినీలు తాగడానికే నేవు కదా."

బయటి ఉప్పు చేరకముందే లోపల ఉప్పు ఉందని చెప్పక తప్పలేదు.

"అప్పుడే ఎవులైనా సెప్పుంటే ఎంత దూరం నుంచైనా మోసుకొచ్చీవోలం బాబూ," అన్నాడు.

సముద్రంలో కాంక్రీటు ఆయుష్షు పోసిన రోజే తేలిపోతుంది. ఆ ఊరికి ఇంజినీరు కావలసింది ఆ రోజు. నేను వెళ్లేసరికి మూసెయ్యమనడం తప్ప చెప్పడానికేం మిగల్లేదు. ఇప్పుడు తీరాన ఎక్కడ పని మొదలైనా, మిక్సర్ తిరగకముందే వెళ్లి డ్రమ్ములో నీళ్లు నాలుక మీద వేసుకుని చూస్తాను.