ఐసు గొర్రెపిల్లకు ఉప్పు పెట్టిన రోజు

నా చిన్నప్పుడు బోధన్‌లో మా ఇంటి వెనకే ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. పక్కింట్లో ఉండే నా దోస్తు వాళ్ల నాన్న అందులో పనిచేసేవాడు. నా దోస్తు ఆయన్ను బాపు అనేది కాబట్టి నేనూ బాపు అనే పిలిచేదాన్ని. సెలవు దొరికితే చాలు, ఇద్దరం ఫ్యాక్టరీ గుమ్మంలో నిలబడేవాళ్లం. పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్లు, ఆ నీళ్లలోకి దించిన రేకు డబ్బాల్లో మంచినీళ్లు. మర్నాటికి డబ్బాల్లో నీళ్లు గడ్డకట్టేవి. తొట్టిలో బస్తాలకొద్దీ ఉప్పు పోయడం కళ్లారా చూసినదాన్ని, ఐసు గురించి ఇక నాకు ఒకరు చెప్పేదేముందని అనుకునేదాన్ని.

ఒక చలికాలం, క్రిస్మస్‌కు ముందు, నిజామాబాదులో దోస్తు వాళ్లు వెళ్లే చర్చి ఆవరణలో ఐసు బొమ్మలు పెడుతున్నారని తెలిసింది. చెక్కేది బాపే. రెంజల్‌లో గొర్లు కాసే వాళ్లమ్మకు, మేమంతా అవ్వ అని పిలిచే ఆమెకు, కొడుకు మందను వదిలి ఫ్యాక్టరీలో చేరడం ఏనాడూ మింగుడుపడలేదు. “నీళ్లు గడ్డగట్టిచ్చుడు సుత ఒక పనేనారా?” అని దెప్పేది. కొడుకు పని చూడటానికి ఒక్కసారైనా రాలేదు. బొమ్మలు పెట్టే రోజు మాత్రం మధ్యాహ్నం బస్సుకు వస్తానని కబురు చేసింది. అందుకే బాపు వారం రోజులుగా ఒకచోట నిలబడలేదు.

తెల్లవారుతుండగా ఐసు దిమ్మెలతోపాటు మేమూ వ్యాను ఎక్కాం. దిమ్మెలకు ఊక, గోనెసంచులు. మా ఇద్దరికీ ఒకటే చెద్దరు. దాన్ని చెరో వైపు లాక్కుంటూ నిజామాబాదు చేరాం. పొద్దెక్కేసరికి రంపంతో, ఉలితో బాపు ఒక నక్షత్రం, ఒక పడవ, ఒక గొర్రెపిల్ల చేశాడు. గొర్రెపిల్ల నాలుగు సన్నని కాళ్ల మీద నిలబడి, మెడ కాస్త వంచి చూస్తోంది. నాకు దాన్ని వదిలి రాబుద్ధి కాలేదు.

మమ్మల్ని కాపలా పెట్టి బాపు చాయ్ తాగడానికి వెళ్లాడు. నా దోస్తు నక్షత్రం దగ్గర ఉండిపోయింది. ఎండ వచ్చి గొర్రెపిల్ల ముక్కు చుక్కచుక్కగా కారుతోంది. అవ్వ వచ్చేసరికి ఇది మిగలదేమోనని నా ప్రాణం కొట్టుకుంది. చర్చి వెనక విందుకు వంటలు చేస్తున్నచోటికి పరుగెత్తి, దోసిలి నిండా ఉప్పు తెచ్చి, నాలుగు కాళ్లకూ గట్టిగా దట్టించాను. చాలదేమోనని ఇంకో దోసిలి తెచ్చాను.

కాసేపటికే ముందు కాళ్లు, ఆ వెంటనే వెనక కాళ్లు పుటుక్కుమన్నాయి. గొర్రెపిల్ల పొట్ట మీద పడిపోయింది. బాపు వచ్చి చూశాడు. కారుతున్న నీటిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పుతో తెల్లబడ్డ నా చేతులను వెనక్కి దాచుకున్నాను. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

“ఏమనుకొని ఏసినవ్ బిడ్డా?” అన్నాడు.

“అవ్వ వచ్చేదాక గట్టిగ ఉండాలని,” అని ఏడ్చాను.

ఆయన నా పక్కన గొంతుకూర్చున్నాడు. “ఉప్పు డబ్బ అవుతల ఉంటెనే నీళ్లు గడ్డగడ్తయ్. ఐసు మీద పడ్డదంటే ఐసే కరుగుతది. పనిల చేరినప్పుడు నేను సుత గిదే తప్పు చేసిన,” అన్నాడు. నిజంగా చేశాడో, నా కోసం అన్నాడో ఇప్పటికీ తెలియదు. ఆ వెంటనే ఉలి తీసుకున్నాడు. నేను, నా దోస్తు తడి గోనెసంచి ఎత్తి ఎండ పడకుండా పట్టుకున్నాం. పొట్ట అడుగు భాగంలోనే ఆయన మడిచిన కాళ్లు చెక్కాడు.

అవ్వ వచ్చింది. నక్షత్రాన్ని, పడవను చూసీ చూడనట్టు దాటి గొర్రెపిల్ల ముందు ఆగిపోయింది. వంగి, దాని మోకాళ్లను తడిమింది. “పండుకుంటె ముందటి కాళ్లు గిట్లనే మలుస్తది. నువ్వు మర్వలేదురా,” అంది.

“పిల్లలు సాయం చేసిండ్రే అవ్వా,” అన్నాడు బాపు. అవ్వ నా తల నిమిరింది. ఆ మెప్పు నాకు ముల్లులా గుచ్చుకుంది. “అది నిలవడి ఉండె అవ్వా, నేనే ఉప్పేసి పడగొట్టిన,” అని చెప్పేశాను.

అవ్వ నవ్వింది. “నిలవడ్డ గొర్రెను ఎవడన్న చేస్తడు బిడ్డా. పండుకున్నదాన్ని మంద కాసినోడే చేస్తడు.” బాపు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఉలిని మళ్లీ మళ్లీ తుడిచాడు.

మొన్న మా మనవరాలు నా ఫోనును సబ్బు పెట్టి కడిగింది. కేక నోటిదాకా వచ్చింది. మింగేసి, పక్కన కూర్చోబెట్టుకుని, “ఏమనుకొని కడిగినవ్ బిడ్డా?” అని అడిగాను. “ఫోన్ల అమ్మ మాట నీకు సక్కగ ఇనవడుతలేదు గదా అమ్మమ్మా,” అంది. ఫోను బాగుపడలేదు. అడగకుండా ఒక్కటి వేసి ఉంటే ఆ మాట నాకు దక్కేది కాదు. ముందు అడగాలని నాకు నేర్పింది ఆనాటి బాపే.