చావింటి అన్నం

మనిషి పోయిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. అన్నం బయటి నుంచి రావాలి. భూపాలపల్లి బొగ్గుగని క్వార్టర్లలో, మేముండే లైన్‌లో, ఆ అన్నం మా అమ్మ తీసుకెళ్ళేది. ఈ పని ఆమెకు ఎవరు అప్పగించారో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే అది ఆమె పని.

వండేది అన్నం, పప్పు, పలుచని చారు. అన్నం కాస్త మెత్తగా వండేది. "ఏడ్సిన గొంతుకు పలుకన్నం దిగది" అనేది. ముందు పక్కింటివాళ్ళను అడిగేది: ఆ ఇంట్లో సుగర్ ఎవరికుంది, పాలిచ్చే తల్లి ఉందా, ముసలివాళ్ళు ఏం తింటారు. కాటి నుంచి వచ్చినవాళ్ళు స్నానాలు చేసి తలలు తుడుచుకునే వేళకు అన్నం వండిన పెద్ద గిన్నె, గంజు, వాళ్ళ గడప దగ్గర ఉండాలి. అందరికీ వడ్డించాక, ఎక్కువ ఏడ్చిన మనిషి పక్కన కూర్చునేది. తినమని చెప్పేది కాదు. ముద్ద కలిపి చేతిలో పెట్టేది. చావింట్లో "పోయొస్త" అనకూడదు కాబట్టి, ఏమీ అనకుండా లేచి వచ్చేది.

దీనివల్ల మా బడి అన్నం డబ్బాలు ఏనాడూ ఆలస్యం కాలేదు. బాపుకు సుగర్ వచ్చాక ఆయన సూది, ఆయన కంచం అయ్యాకే గంజు పొయ్యి మీదికి ఎక్కేది. గనిలో పనిచేసి రిటైరైన బాపుకు అమ్మను ఆటపట్టించడం ఒక కాలక్షేపం.

"ఇంటి ముంగట బోర్డు పెట్టు, సావు హోటలని."

"పెడ్త. నువ్వు గల్లపెట్టె కాడ కూసో. పైసలు రావు గని, ఊకె కూసునుడు నీకు అలవాటే గద."

పోయిన చలికాలం ఒక తెల్లవారుజామున అమ్మ గుండె ఆగింది. దవాఖానకు చేరేసరికే అయిపోయిందన్నారు. నేనుండే జనగామ నుంచి వచ్చేసరికి లైనంతా మా వాకిట్లో ఉంది. ఆడవాళ్ళు నేల మీద పడి ఏడ్చారు. ఆ ఏడుపు అబద్ధం కాదు. ఇది నేను చెప్పి తీరాలి, ఎందుకంటే తర్వాత చెప్పేవి అంత మంచి మాటలు కావు.

మధ్యాహ్నం తమ్ముడు హోటల్‌కు ఫోన్ చేయబోయాడు. ఎదురు క్వార్టర్ పెద్దమ్మ ఆపింది.

"హోటలన్నమా? మీ అమ్మ సావుకు? మేమంత ఎటు పోయినమురా? గా ఫోను జేబుల పెట్టు."

తమ్ముడు జేబులో పెట్టుకున్నాడు. అందరం కాటికి పోయి వచ్చాం, స్నానాలు చేశాం. బాపు తల తుడుచుకుని ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ తీసి, తన సూది తనే వేసుకున్నాడు. అది రోజూ అమ్మ చేసే పని. నేను వంటింటి వైపు చూస్తే, "అన్నం వచ్చే యాళ్ళయింది" అన్నాడు. లైన్‌లో ఏ చావుకైనా ఆ వేళకు గంజు బయలుదేరడం ఆయన చూస్తూనే ఉన్నాడు కదా.

అన్నం రాలేదు.

ఎదురింటి పెద్దమ్మ పక్క క్వార్టర్ వాళ్ళు తెస్తారనుకుంది. వాళ్ళు అమ్మ తల్లిగారింటివాళ్ళు తెస్తారనుకున్నారు. దంతాలపల్లి నుంచి వచ్చిన మా మేనమామ, ఇంతమంది ఇరుగుపొరుగు ఉండగా తను చొరవ చేస్తే వాళ్ళను తక్కువ చేసినట్టవుతుందనుకున్నాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. చావింటికి అన్నం వస్తుందని వాళ్ళందరికీ తెలుసు. దాన్ని ఒకరు వండాలన్న సంగతే వాళ్ళకు తట్టలేదు.

అప్పుడు లైన్ మలుపులో ఫ్లెక్సీ కడుతున్నారు. సగం మంది అక్కడే ఉన్నారు. మాటలు మా గదిలోకి వినిపిస్తున్నాయి.

"ఎడమకు జర లేపురా."

"అక్క మొఖం మీద మడత వడ్డది, గుంజు."

ఫ్లెక్సీలో అమ్మ ఫోటో కింద 'సేవామూర్తి' అని ఉంది.

బాపు బనియన్ చెమటతో తడిసింది. "చేతులు వణుకుతున్నయి బిడ్డా" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. గ్లాసులో చక్కెర కలిపి తాగించాను. అది కాసేపే పనిచేస్తుంది, వెంటనే అన్నం పడాలి. తమ్ముణ్ణి ఆయన దగ్గర కూర్చోబెట్టి, వంటింట్లోకి పోయి బియ్యం కడిగి కుక్కర్ పెట్టాను.

కుక్కర్ కూత లైనంతా వినిపించింది. అన్నం తేనివాళ్ళందరూ వచ్చారు.

"గిదేంది బిడ్డా?" అంది ఎదురింటి పెద్దమ్మ. "పీనుగ లేసిన పొద్దే పొయ్యి ముట్టిచ్చినవ్. సదువుకున్నదానివి."

"బాపుకు సుగర్ పడిపోయింది పెద్దమ్మా."

"ఒక్క మాట జెప్తే తెద్దుం గద."

బాపు పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ తల ఎత్తాడు. "గిన్నేండ్లు ఆమెకు ఎవలు జెప్పిండ్రు వదినా?"

వెనక నుంచి ఒకామె, "పప్పు ఉంది, తెమ్మంటరా?" అంది. బాపు తింటూనే ఉన్నాడు. పొయ్యి ముట్టించినందుకు మా ఇంటికి ఏం కీడు జరుగుతుందో అని గుమ్మం దగ్గర గుసగుసలు మాత్రం ఆగలేదు.

పదకొండో రోజు ఫ్లెక్సీ కింద కుర్చీలు వేశారు. అమ్మ లేని లోటు తీరదని ముగ్గురు నలుగురు మాట్లాడారు. ఆ లోటు ఎలా ఉంటుందో మేం మొదటి సాయంత్రమే చూశాం. భోజనాలయ్యాక ఎదురింటి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీ అమ్మ గంజు మాకు ఇడ్సిపెట్టు బిడ్డా. ఎవలకన్న ఆపదొస్తే పనికొస్తది. ఆమె పేరు ఉంటది."

"ఎవలు వండుతరు పెద్దమ్మా?"

"ఎవలో ఒకలు వండుతరు తియ్."

అమ్మ అయితే ఇచ్చేది. కడిగి, తుడిచి, మూత కూడా వెతికి ఇచ్చేది. నేను ఇవ్వలేదు.

తమ్ముడికి గనిలో షిఫ్టులు ఉన్నాయి కాబట్టి బాపును నాతో జనగామకు బయలుదేరదీశాను. ఆటోలో గంజు నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. లైన్‌లోవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరో, "గది గూడ పట్కపోతున్నదా" అన్నారు. బాపు విన్నాడు, విననట్టే కూర్చున్నాడు.

ఊరికి పోయేటప్పుడు ఆ గుమ్మాలన్నిటికీ "పోయొస్త" అని చెప్పడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ రోజు చెప్పలేదు.