ఓడ అడుగున పనిచేసిన మనిషి

మన అపార్ట్‌మెంట్ల గ్రూపులో మంగళవారం పొద్దున సెక్రటరీగారు పెట్టిన సందేశం మీరంతా చూసే ఉంటారు. "బి బ్లాక్ కెప్టెన్‌గారు ఇక లేరు. ఫ్లాటు ఖాళీ అవుతోంది కనుక ఆయన పేరున వచ్చే ఉత్తరాలు గేటు దగ్గరే తిప్పి పంపమని సెక్యూరిటీకి చెప్పాం." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు.

ఇంత చిన్న సందేశంలో రెండు తప్పులు. రిటైరై ఇన్నేళ్లయినా ఎర్రసిరా అలవాటు పోలేదు, దిద్దుతాను. రెండోది చివర చెబుతాను. మొదటిది, ఆయన కెప్టెన్ కాదు. ఒక యుద్ధనౌక అడుగున, బాయిలర్ గదిలో, పదిహేనేళ్లు మంట చూసుకున్న మనిషి. "కెప్టెన్ అనకుండ్రి, అసలు కెప్టెన్ వింటే నవ్వుతడు" అని ఎన్నిసార్లు చెప్పాడో. మనం విన్నామా? తలమీది నేవీ టోపీ చూసి హోదా ఇచ్చేశాం.

నాకు ఆయన పై ఫ్లాటాయన. నాది మూడొందల నాలుగు, ఆయనది సరిగ్గా నా నెత్తిమీద నాలుగొందల నాలుగు. ఒక వానాకాలం మన సెల్లార్లో మోకాలిలోతు నీళ్లు నిలిచి, పంపు మొరాయించిన రోజున పరిచయమయ్యాడు. మాదాపూర్‌లో కూర్చుని ప్రపంచాన్ని నడిపే పిల్లలు డజనుమంది చుట్టూ నిలబడి ఫోన్లతో వెలుతురు చూపిస్తున్నారు. ఆయన లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, పంపు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"పూజ చేస్తున్నారా?" అన్నాను.

"నాడి చూస్తున్న టీచరమ్మా. జర ఆగుండ్రి."

"నేను టీచర్నని మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలె? అందర్నీ లైనుల నిలబెడ్తున్నరు గద!"

పంపు నడిచింది. అప్పటినుంచి ఆయన మన జనరేటర్ దగ్గర ఆగి చెవి పెట్టనిరోజు లేదు. "బేరింగ్ దగ్గుతున్నది, ఇగ పోతది" అని ఆయన అంటే రెండురోజుల్లో పోయేది. మెకానిక్ వచ్చి అదే మాట చెబితే మనం బిల్లు కట్టేవాళ్లం.

ఆయన దగ్గర మూడు కవర్లుండేవి. ఒక ఓడ నౌకాదళంలో చేరినప్పుడు, ఏదైనా వార్షికోత్సవం జరుపుకున్నప్పుడు, చివరికి సెలవు తీసుకున్నప్పుడు తపాలా ముద్రతో ప్రత్యేక కవరు వేస్తారు. పైన ఓడ బొమ్మ, లోపల చిన్న కాగితం మీద దాని చరిత్ర. ఆయన ఓడది సెలవు కవరు ఒక్కటే ఇంకా రావాల్సి ఉంది. ఆయన ఓడ యుద్ధమప్పుడు తీరానికి కాపలా కాసింది, తుపాను కొట్టిన ఊళ్లకు బియ్యం మోసింది, ముసలిదయ్యాక కుర్రనావికులకు పాఠాలు చెప్పింది. "నా సర్వీసు కూడా ఇంచుమించు ఇంతే, నాకెవరూ కవరు వెయ్యలేదు" అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వాడు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి కుర్చీ బాల్కనీలోకి ఈడ్చుకుని, ఆ కవర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ ఈడ్పు నా నిద్రకు పరమశత్రువు. ఒకరోజు తేల్చుకుందామని పైకి వెళ్లాను.

"మూడింటి మీదా ఒకటే ఓడ. రోజూ ఏం చూస్తారండీ?"

"లోపలున్నోనికి ఓడ ఎట్ల కనబడ్తది టీచరమ్మా? రేవుకొస్తే బాయిలర్ కడుగుడు, కదిలితే బాయిలర్ కాసుడు. సెలవిచ్చిన్నాడు రైలు కోసం ఉరుకుడే. ఈ కవరు చేతికొచ్చినంక తెల్సింది, మా ఓడకు ముక్కు ఇంత సక్కగున్నదని."

కాకినాడలో పుట్టి ఓడల్ని ఒడ్డునుంచి చూస్తూ పెరిగిన దాన్ని, ఏనాడూ ఒకదానిలో కాలు పెట్టలేదు. చెరువు కూడా ఎండిపోయే నల్లగొండ పల్లెనుంచి వెళ్లిన ఆయన, అన్నేళ్లు ఓడలో ఉండి దాన్ని తిన్నగా చూడలేదు. కుర్చీ గొడవ ఎత్తకుండానే దిగివచ్చాను. దాని కాళ్లకు తొడగమని మర్నాడు మా మనవడి పాత సాక్సులు మాత్రం పంపాను.

కవర్లు పోగుచేసేవాళ్లు అడ్రసు రాయకుండా శుభ్రంగా దాచుకుంటారట. ఈయన ఒప్పుకునేవాడు కాదు. "పెట్టెల పెడితే కాగితం. ప్రయాణం చేస్తేనే ఉత్తరం." అందుకే ప్రతిదీ పోస్టులో రావాల్సిందే.

ఈ నెలాఖరున విశాఖలో ఆ ఓడ జెండా దించుతారు. తర్వాత తుక్కే. సెలవు పెట్టి తీసుకెళ్తానని ఆయనతో ఉండే కూతురంటే, "వద్దు బిడ్డా, దించుతుంటే నేను చూడలేను. ఆఖరి కవరొస్తే సాలు" అన్నాడు. అక్కడున్న తోటి నావికుడొకాయన ఆ రోజున ముద్ర వేయించి పోస్టు చేసేలా ఏర్పాటు. ఆ నావికుడు ముందే పంపిన ఖాళీ కవరు మీద అడ్రసు రాయమని ఈయన నాకిచ్చాడు. టీచరమ్మ రాతయితే తప్పు పోదట.

రాశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"పేరు నాదే. ఫ్లాటు నంబరు మీదేసిండ్రు."

ఎదుటివాళ్ల తప్పులు దిద్ది బతికినదాన్ని. ఒళ్లు మండింది. "ఇటివ్వండి, ఇంకోటి తెప్పించండి, మళ్లీ రాస్తాను" అన్నాను.

"ఫికర్ జెయ్యకుండ్రి. మీ ఇంటికే రానియ్యుండ్రి. పైకి తెచ్చిస్తరు గద, ఆ సాకుతో ఇద్దరం చాయ్ తాగొచ్చు."

అది పోస్టులో విశాఖ వెళ్లిన పదిరోజులకు ఆయన పోయాడు. ఓడ ఇంకా తేలుతూనే ఉంది.

నాకు అలుపొచ్చేసింది. ఈ వయసులో తెలిసినవాళ్లు తగ్గడమే గాని చేరడం ఉండదు. పొరపాటున ఒకరు చేరితే ఇదిగో, ఇలా. మూడింటికి పైన చప్పుడు లేదు, నాకు నిద్రా లేదు. కూతురు మణికొండకు మారుతోంది. నిన్న సామాను దించుతుంటే ఆ కుర్చీ నా గుమ్మం ముందునుంచే వెళ్లింది. నాలుగు కాళ్లకూ మా మనవడి స్కూలు సాక్సులు అలాగే ఉన్నాయి.

ఇక రెండో తప్పు. ఉత్తరాలు తిప్పి పంపమనడం. నిన్న గేటు దగ్గరికి దిగి అడిగితే సెక్యూరిటీ అతను మర్యాదగానే చెప్పాడు. "పేరు పై సారుది, నంబర్ మీది. రెండు కలువకుంటే వాపస్ ఇయ్యమన్నరమ్మా. సెక్రటరీ సార్ చెప్తే ఉంచుత." వాపసిస్తే పోస్టుమ్యాన్ తన ధర్మం ప్రకారం కవరు మీద 'మరణించారు' అని అడ్డంగా రాస్తాడు. ఎక్కడ రాస్తాడు? ఓడ మీదే.

కాబట్టి సెక్రటరీగారూ, ఈ పని ఇవాళే చెయ్యండి. గేటుకు ఒక మాట చెప్పండి. వచ్చే నెల మొదటివారంలో ఆయన పేరున, నా నంబరున ఓడ బొమ్మ కవరొకటి వస్తుంది. తీసుకోవాలి. మడవకూడదు, కరెంటు బిల్లులతో కలిపి రబ్బరు బ్యాండు వెయ్యకూడదు. రెండుసార్లు బెల్లు కొట్టి నా చేతికివ్వాలి, మణికొండకు నేను పట్టుకెళ్తాను. నేను దిగివచ్చేలోపు ఎక్కడైనా పెట్టాల్సివస్తే, ఉత్తరాల కట్టలో అన్నిటికన్నా పైన పెట్టమనండి. అడుగున వద్దు. అడుగున ఆయన చాలాకాలం ఉన్నాడు.